రెండ్రోజులు చూద్దామనే మాట

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఎవరి కంటికైనా దెబ్బ తగిలితే ముందుగా వినపడే మాట ఇది: "ఏటవుద్ది మావా, రెండ్రోజులుంటే అదే తగ్గిపోద్ది." అనేవాళ్ళు అయినవాళ్ళే. ధైర్యం చెబుతున్నామనుకునే అంటారు. వెంటనే ఒకరు రెప్ప తిప్పి, పుల్లకు చుట్టిన దూదితో నలక తీస్తారు. ఇంకొకరు మెడికల్ షాపుకు పరుగెత్తి చుక్కల మందు తెస్తారు. సాయంత్రానికి ఇంట్లో ఆముదమో ఆకుపసరో సిద్ధమవుతుంది. ఇన్ని చేతులు సాయానికొస్తాయి గాని కంటి ఆసుపత్రి ఎవరికీ గుర్తురాదు. గుర్తొచ్చేసరికి మూడో రోజో నాలుగో రోజో అవుతుంది, అప్పటికి నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ తేలి ఉంటుంది. ఆ రెండ్రోజుల మాట తప్పు. దాన్ని వెనకేసుకొచ్చే వాదాలు చాలా ఉన్నాయి, ఒక్కటీ నిలవదు.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో మర పడవల వేటకు సెలవు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం పెట్టిన నిషేధం అది. బోటు సముద్రంలోకి వెళ్ళదు కాబట్టి ప్రమాదాలూ ఉండవని బయటివాళ్ళు అనుకుంటారు. కంటి విషయంలో అది పూర్తిగా తలకిందులు. బోట్లు ఒడ్డెక్కేది ఆ రోజుల్లోనే, మరమ్మతులు జరిగేదీ ఆ రోజుల్లోనే. అడుగున అంటుకున్న గుల్లలు గీకాలి, పాత రంగు లేపాలి, తుప్పు పట్టిన రేకు గ్రైండర్‌తో రుద్దాలి, కొత్త రేకు వెల్డింగ్ చేయాలి, ఫైబర్ పూత వేయాలి. ఈ పనుల్లో సగం బోటు కింద వెల్లకిలా పడుకునో, మోకాళ్ళ మీద కూర్చుని తల పైకెత్తో చేసేవి. రాలే ప్రతి రేణువూ నేరుగా కళ్ళలోకే వస్తుంది. ఆ మనిషి ముఖానికి అడ్డం పెట్టుకునేది మహా అయితే తలకు చుట్టుకున్న తువ్వాలు కొస.

ఎదుటివారి వాదంలో నిజం కొంత ఉంది, దాన్ని ముందు ఒప్పుకోవాలి. గడియారానికి అద్దంలాగా నల్లగుడ్డుకు ముందు ఉండే పారదర్శకమైన పొరను కార్నియా అంటారు. దాని పైపొర చాలా త్వరగా మళ్ళీ కట్టుకుంటుంది. చిన్న గీత పడితే ఒకటి నుంచి మూడు రోజుల్లో మానిపోతుంది. అందుకే ఆకుపసరు వేసినవాడికీ తగ్గుతుంది, ఏమీ వేయనివాడికీ తగ్గుతుంది. తగ్గిన పదిమంది తమ అనుభవం చెబుతారు, ఆ మాట బలపడుతుంది. కన్ను పోయినవాడు జెట్టీ మీద కనిపించడు, అతని అనుభవం ఎవరికీ చేరదు. ఈ నమ్మకం ఇన్ని తరాలు నిలవడానికి కారణం అదే.

తగిలింది చిన్న గీతేనని తెలిసేదెట్లా? అద్దంలో చూస్తే తెలియదు, టార్చిలైటు వేసి చూసినా తెలియదు. ఆసుపత్రిలో కంట్లో ఒక పసుపుపచ్చ రంగు చుక్క వేసి, నీలికాంతిలో స్లిట్ ల్యాంప్ కింద చూస్తారు. గీత పడ్డచోటు ఆకుపచ్చగా మెరుస్తుంది. అయిదు నిమిషాల పని. ఆ పరీక్ష లేకుండా "ఏమీ కాలేదు" అనడం ఎవరి తరమూ కాదు, పెద్ద డాక్టరు తరమూ కాదు.

"నొప్పి లేదుగా, ఇంకేటి?" అనేది రెండో వాదం. అన్నిటికన్నా నమ్మకంగా చెప్పేదీ, అన్నిటికన్నా ప్రమాదమైనదీ ఇదే. కార్నియా పైపొర నిండా నరాల కొసలు ఉంటాయి, అందువల్ల పైపైన పడ్డ గీత ప్రాణం తీసేటంత నొప్పి పెడుతుంది. ఉలి మీద సుత్తితో కొట్టినప్పుడు ఎగిరే ఇనుప తునక కథ వేరు. చిన్నది, వేడిది, పదునైనది. రెప్పపాటులో కార్నియాను దాటుకుని గుడ్డు లోపలికి పోతుంది. చురుక్కుమన్నట్టు అనిపించి ఆగిపోతుంది. ఒక్కోసారి చూపు కూడా ఆ రోజుకు బాగానే ఉంటుంది. లోపల మిగిలిన ఇనుము తుప్పుపట్టి వారాల్లో, నెలల్లో కంటి వెనక పొరను విషంలా తినేస్తుంది. కాబట్టి సుత్తి, ఉలి, గ్రైండర్ పని చేస్తుండగా కంట్లో ఏదో తగిలినట్టు అనిపించినవాడు నొప్పి లేకపోయినా అదే రోజు చూపించుకోవాలి, అవసరమైతే ఎక్స్‌రేనో స్కానో తీయించుకోవాలి. పైన ఇరుక్కున్న ఇనుప రజనుకూ గడువు తక్కువే. కొన్ని గంటల్లోనే దాని చుట్టూ తుప్పు వలయం కడుతుంది. పుల్లతో తునకను తీసినా వలయం మిగులుతుంది.

ఈ ఆలస్యానికి వెల ఎంతో తేల్చిన అధ్యయనం ఒకటుంది. నేపాల్‌లో కాఠ్మాండు పక్కనున్న భక్తపూర్‌లో చేసినది, 2001లో అచ్చయింది. ఊళ్ళలోని ఆరోగ్య కార్యకర్తలకు కొద్దిపాటి శిక్షణ ఇచ్చారు. కంటికి దెబ్బ తగిలినవాళ్ళను చూసి, కార్నియా మీద గీత కనిపిస్తే యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ రోజుకు మూడుసార్లు మూడు రోజులు వేయించారు. దెబ్బ తగిలిన 18 గంటల్లోపు వచ్చినవాళ్ళలో ఒక్కరికి కూడా పుండు పడలేదు. ఒక రోజు దాటి రెండో రోజు వచ్చినవాళ్ళలో నూటికి పాతికమందికి పైగా పుండు పడింది. మనవాళ్ళు చూద్దామనే రెండ్రోజులూ సరిగ్గా ఆ గడువే. ఇక్కడ గొప్పతనం ఆయింట్‌మెంట్‌ది కాదు, అది చవకైన మామూలు మందు. గొప్పతనమంతా వేళది.

ఇది ఎవరో కొద్దిమంది బాధ అనుకోవడానికీ లేదు. 1996-2000 మధ్య ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో ఇంటింటి సర్వే చేశారు. పల్లెల్లో నూటికి ఏడుగురికి పైగా జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు కంటికి దెబ్బ తిన్నవాళ్ళేనని తేలింది. అక్కడ ముల్లు, కొమ్మ, వరి ఆకు. ఇక్కడ గేలం, తాడు కొస, చేప ముల్లు, ఇనుప రజను. తగిలే వస్తువు మారుతుంది, తరవాత జరిగే ఆలస్యం మాత్రం మారడం లేదు.

ఇంటి వైద్యం సంగతికి వస్తాను. తల్లిపాలు, ఆముదం, ఆకుపసరు, నాలుకతో నలక తీయడం: ఇవన్నీ ప్రేమతో చేసేవని నాకు తెలుసు. పసిబిడ్డ ఏడుస్తుంటే చూడలేక చేసే పనులవి. అయినా గాయపడ్డ కార్నియా అంటే తలుపు తెరిచి ఉన్న చోటు. నాలుక మీద ఉండే సూక్ష్మజీవులు, ఆకు మీద ఉండే బూజు ఆ తలుపులోంచే లోపలికి పోతాయి. ఆకుపసరుతో వచ్చే బూజు పుండు మామూలు పుండులా మానదు. దానికి నాటమైసిన్ చుక్కలు మొదట్లో గంటగంటకూ, రాత్రి కూడా లేచి వేస్తూ వారాల తరబడి వాడాలి, అప్పటికీ మచ్చ మిగలవచ్చు. ప్రేమ ఉన్నవాళ్ళు చేయాల్సిన పని ఒకటే, బిడ్డను ఎత్తుకుని ఆసుపత్రికి వెళ్ళడం. మన ఊళ్ళో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. హనుమంతవాక దగ్గర ఎల్.వి. ప్రసాద్ ఆసుపత్రి 2006 నుంచి నడుస్తోంది, డబ్బు కట్టలేనివాళ్ళకు ఉచితంగానే చూస్తారు. "ఆసుపత్రి మనలాంటోళ్ళకు కాదు" అనే మాట ఏ మారుమూల గిరిజన గూడెంలోనో వింటే అర్థం చేసుకోగలను, హార్బర్‌లో దానికి ఆధారం లేదు.

ఆకుపసరు కన్నా నాకు ఎక్కువ భయం కలిగించేది మెడికల్ షాపు చుక్కల మందు. ఎందుకంటే అది వైద్యంలా కనిపిస్తుంది. కన్ను ఎర్రబడిందని చెబితే చాలాచోట్ల చీటీ అడగకుండా ఇచ్చే సీసాల్లో యాంటీబయాటిక్‌తో పాటు స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. డెక్సామెథసోన్ అనో బీటామెథసోన్ అనో అట్టపెట్టె మీద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. వేసిన పూటకే ఎర్రదనం తగ్గుతుంది, నొప్పి తగ్గుతుంది, మందు భలే పనిచేసిందని సంబరపడతారు. జరిగేది వేరు. ఎర్రదనం అంటే శరీరం చేస్తున్న పోరాటం, స్టెరాయిడ్ ఆ పోరాటాన్ని ఆపుతుంది. లోపల బూజు గానీ, హెర్పిస్ వైరస్ గానీ ఉంటే ఇక దానికి అడ్డే ఉండదు. పైకి తెల్లగా కనిపించే కంట్లో పుండు లోతుకు తవ్వుకుంటూ పోతుంది. ఇంకా, అదే సీసాను నెలల తరబడి ఎర్రబడినప్పుడల్లా వేసుకునేవాళ్ళకు కంట్లో ఒత్తిడి పెరిగి గ్లకోమా వస్తుంది, శుక్లం వస్తుంది. ఈ మందులు చీటీ మీదే అమ్మాలని చట్టం ఉంది. ఉన్న చట్టాన్ని అమలు చేయమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

వెల్డర్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఆర్క్ వెలుగు నేరుగా చూసిన పగలు ఏమీ అనిపించదు. ఆరు నుంచి పన్నెండు గంటలు గడిచాక, నడిరాత్రి, కళ్ళలో కారం కొట్టినట్టు లేస్తారు. ఇది కార్నియా మీద అతినీలలోహిత కిరణాలు చేసిన కాలుడు. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో మానుతుంది. బంగాళాదుంప చక్రాలు మూసిన రెప్పల మీద పెట్టుకుంటే చల్లగా ఉంటుందేమో గాని కంటి లోపలికి రసం పిండకూడదు. అసలు ప్రమాదం మత్తు చుక్కలతో. ఒకసారి డాక్టరు నలక తీయడానికి వేసిన మత్తు చుక్క హాయి గుర్తుంచుకుని, ఆ సీసా పేరు చూసుకుని కొని, జేబులో పెట్టుకుని తిరిగేవాళ్ళున్నారు. ఆ మందు మళ్ళీమళ్ళీ వేస్తే పైపొర కట్టుకోవడమే మానేస్తుంది, కార్నియా కరిగిపోతుంది. ఏ కంటి డాక్టరూ ఆ చుక్కలు ఇంటికి రాసివ్వడు. కారణం ఇదే.

"ఒక కన్ను పోయినా ఇంకోటుందిగా" అనే మాట కూడా విన్నాను. ఓదార్పుగా అంటారు. ఫ్రాన్సులో కూప్వ్రే అనే ఊళ్ళో జీనులు, తోలు పట్టీలు కుట్టే ఒకాయన ఉండేవాడు. 1812లో ఆయన మూడేళ్ళ కొడుకు నాన్న పనిచోట ఆరెతో ఆడుతుంటే అది ఒక కంట్లో గుచ్చుకుంది. ఆ కాలానికి తెలిసిన ఇంటి వైద్యం చేశారు. గాయపడ్డ కన్నే కాదు, కొంతకాలానికి బాగున్న కన్నూ పోయింది. అయిదేళ్ళు వచ్చేసరికి పిల్లవాడికి పూర్తిగా చీకటి. అతని పేరు లూయీ బ్రెయిలీ. చుక్కల లిపి వల్ల లోకం అతన్ని గౌరవిస్తుంది, కాని ముందుగా అతను ఇంట్లో కన్ను పోగొట్టుకున్న పసివాడు. గుడ్డు చిల్లుపడే దెబ్బల్లో అరుదుగా శరీరం తన రెండో కన్ను మీదే తిరగబడుతుంది. ఇది వారాల తరవాత రావచ్చు, ఏళ్ళ తరవాతా రావచ్చు. అరుదే అయినా, రెండో కన్ను దెబ్బకు దూరంగా ఉందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఒంటికంటితో బతుకు కూడా ఆ ఓదార్పు చెప్పినంత తేలిక కాదు. దూరం అంచనా పోతుంది. జెట్టీ మీంచి ఊగుతున్న బోటులోకి వేసే అడుగు, తాడు అందుకునే చెయ్యి, రెండూ తప్పుతాయి. అలవాటు పడడానికి నెలలు పడుతుంది. పోయిన కంటి వైపు నుంచి వచ్చే మనిషి, వించి తాడు కనిపించవు. అలాంటి కళాసీని మరుసటి వారం పిలిచి డెక్కు మీద నిలబెట్టే యజమాని అతని మీద దయ చూపినట్టు కాదు. ఆ మిగిలిన కంటికి ఎప్పుడూ, చూపు కోసం కళ్ళజోడు అవసరం లేకపోయినా, పాలికార్బొనేట్ అద్దాలు ఉండాలి.

"జాగ్రత్తలన్నీ కంపెనీల్లో బాబూ, ఇళ్ళల్లో ఎవరు పెట్టుకుంటారు?" అనేది చివరి వాదం. ఉక్కు కర్మాగారం గేటు లోపల కళ్ళజోడు లేకుండా గ్రైండర్ పట్టనివ్వరు. అదే మనిషి సెలవు రోజున ఇంటి ముందు గేటుకు వెల్డింగ్ పెట్టుకునేటప్పుడు వట్టి కళ్ళతో కూర్చుంటాడు. రజనుకు అది ఫ్యాక్టరీయా ఇల్లా అన్న తేడా లేదు. ఇంట్లో ఉన్నవి చూడండి. కిళ్ళీ కోసం కొనే సున్నం పొట్లం. పిల్లలు దాన్ని నొక్కితే పగిలి సున్నం కంట్లోకి చిమ్ముతుంది. సున్నం క్షారం. ఆమ్లం పైన కాల్చి చాలావరకు అక్కడే ఆగుతుంది, క్షారం ఆగకుండా లోపలికి కరుగుకుంటూ పోతుంది. పెరట్లో ఫైబర్ పనికి తెచ్చుకున్న హార్డనర్ సీసా అంతకు తక్కువ కాదు. బోటు బ్యాటరీ నీళ్ళు, ఐసు ఫ్యాక్టరీ అమోనియా, దీపావళి నాడు పేలలేదని వంగి చూసిన బాంబు, మోపెడ్ వెనక సామాను కట్టే సాగే తాడు కొక్కెం కూడా అలాంటివే.

రసాయనం పడితే మాత్రం ఇల్లే ఆసుపత్రి. ఆటో కోసం వెతకకండి, ముందు నీళ్ళు పట్టండి. కుళాయి కింద, బిందెతో, మగ్గుతో, ఏదైతే అది. రెప్పలు వేళ్ళతో విప్పి పట్టుకుని కనీసం పదిహేను నిమిషాలు, సున్నమైతే అరగంట. రెప్ప కింద ఇరుక్కున్న సున్నపు ముక్కలు తడిగుడ్డతో తీసేయాలి. నిమ్మరసంతో విరుగుడు చేయబోకూడదు. ఆ మొదటి నిమిషాలే కంటి భవిష్యత్తు. ఆ తరవాతే బయల్దేరాలి. 2020 మే 7న ఆర్ఆర్ వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ ఆవిరి తగిలి కళ్ళు మండుతుంటే పరుగెత్తిన ఊళ్ళను మనం చూశాం. కళ్ళను నీళ్ళతో కడగడమనేది విశాఖలో ప్రతి ఇంటికీ తెలిసి ఉండాల్సిన పని.

గుచ్చుకున్న గాయానికి చేయాల్సింది దీనికి పూర్తిగా విరుద్ధం. గేలం దిగినా, ముల్లు దిగినా లాగకూడదు, కడగకూడదు, నొక్కకూడదు, మందు వేయకూడదు. కంటికి తగలకుండా పేపరు గ్లాసు అడుగు భాగం బోర్లించి టేపు వేసి తీసుకెళ్ళాలి. బిగించి కట్టే గుడ్డ కట్టు, నిమ్మకాయను పిండినట్టు లోపలి పదార్థాన్ని బయటికి తోస్తుంది.

ఆసుపత్రిలో వైద్యం అయ్యాక జరిగే తప్పులు మరో రకం. కట్టు విప్పగానే వేట పిలుస్తుంది, వాటా పోతుందనే దిగులు తరుముతుంది. మొద్దు దెబ్బ తగిలి నల్లగుడ్డు ముందు రక్తం చేరినవాడికి మొదటి అయిదు రోజుల్లో మళ్ళీ రక్తం కారే అవకాశం ఉంది, రెండోసారి కారితే మొదటిదానికన్నా చెడ్డది. తల ఎత్తులో పెట్టుకుని పడుకోవాలి, బరువు ఎత్తకూడదు, ఆస్పిరిన్ మింగకూడదు. ఐసు పెట్టె మోయడానికి అది సమయం కాదు. ఇంట్లోవాళ్ళు చేయగలిగిన పెద్ద సాయం, కట్టెల పొయ్యి పొగకూ చేపలెండేచోటి దుమ్ముకూ ఆ మనిషిని దూరంగా ఉంచడం, చుక్కలు వేసే ముందు చేతులు సబ్బుతో కడుక్కోవడం. సీసా మొన రెప్పకు తగలకూడదు. రెండు రకాల చుక్కలుంటే మధ్యలో అయిదు నిమిషాలు ఆగాలి. తెరిచిన సీసా నెలకు మించి ఉంచకూడదు, ఇంట్లో ఇంకెవరికీ వాడకూడదు. కంటి ముందు మెరుపులు, నల్ల చుక్కల వాన, పక్కనుంచి తెర జారినట్టు కనిపిస్తే మళ్ళీ వచ్చే తేదీ కోసం ఆగకుండా ఆ రోజే వెళ్ళాలి. మొద్దు దెబ్బ తిన్న కన్ను బాగానే ఉన్నా ఏడాదికోసారి ఒత్తిడి చూపించుకుంటూ ఉండాలి, పదేళ్ళ తరవాత కూడా గ్లకోమా రాగలదు.

సముద్రంలో ఉన్నవాళ్ళ కష్టం నిజమైనదే. పదిరోజుల వేటలో రెండో రోజు దెబ్బ తగిలితే డీజిలు ఖర్చు, ఐసు ఖర్చు నెత్తిన పెట్టుకుని వెనక్కి తిప్పమని సరంగును ఎవరు అడగగలరు? అయినా గుడ్డు చిల్లుపడినా, రసాయనం పడినా తిప్పాల్సిందే. చిన్న గీతకైతే బోటులోనే ఆయింట్‌మెంట్ మొదలుపెట్టవచ్చు, భక్తపూర్ నేర్పింది అదే. డాక్టరు సలహాతో ప్రతి బోటు మందుల డబ్బాలో ఒక యాంటీబయాటిక్ కంటి ఆయింట్‌మెంట్, సీలు తీయని సెలైన్ సీసాలు రెండు, గట్టి కంటి మూత ఒకటి ఉంటే చాలు.

2023 నవంబరు 19 రాత్రి హార్బర్‌లో నిప్పు లేచి నలభై దాకా బోట్లు కాలినప్పుడు ప్రభుత్వం బోటు విలువలో 80 శాతం పరిహారం ప్రకటించింది. అది న్యాయమైన పనే. నిషేధ కాలపు భృతిని 2025లో ఇరవై వేలు చేశారు, అదీ న్యాయమే. మరి ఆ నిషేధ కాలంలోనే బోటు కింద పడుకుని కన్ను పోగొట్టుకున్న కూలికి ఏ లెక్కలో పేరుంది? నేను అడిగేది పరిహారం దాకా కూడా పోలేదు. వచ్చే ఏప్రిల్ 15కి ముందే బోటు యజమానుల సంఘాలు ఒక్క నిబంధన పెట్టాలి: గ్రైండర్ అద్దెకిచ్చేవాడు దానితో పాటు పక్కలు మూసిన పాలికార్బొనేట్ కళ్ళజోడు ఇవ్వాలి, వెల్డింగ్ సెట్టు ఇచ్చేవాడు ముఖానికి పెట్టే నల్లద్దం డాలు ఇవ్వాలి. నూరు, నూటయాభై రూపాయల వస్తువు అది. చెమటకు మసకబారుతుందంటే గాలి రంధ్రాలున్నవి కొనాలి. మత్స్యశాఖ ఆ రెండు నెలలూ జెట్టీ దగ్గర ఒక కంటి పరీక్షకుణ్ణి, ఒక స్లిట్ ల్యాంప్‌ను ఉంచాలి, పొద్దున తగిలిన దెబ్బ ఆ పొద్దున్నే చూసేటట్టు.